కంపైలర్ ఊరుకున్న చోట

హైదరాబాద్‌లో తయారైన ప్రోగ్రామింగ్ భాష ఒకటుంది. అందులో ప్రోగ్రాములు రాసినవాళ్లు ఇప్పుడు దొరకడం కష్టం. ఈ తరం ఇంజనీరింగ్ విద్యార్థుల్లో దాని పేరు విన్నవాళ్లు కూడా తక్కువే. విజువల్ జె షార్ప్ అంటారు దాన్ని. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో పెట్టిన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ తొలి రోజుల్లో చేపట్టిన పనుల్లో అదొకటి. 2002లో బయటికొచ్చింది, 2007 జనవరిలో ఇక ఆపేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. అయిదేళ్ల ముచ్చట. అయినా, ఒక ప్రోగ్రామర్ తనకు వచ్చిన భాషలోంచి దాన్ని పోలిన ఇంకో భాషలోకి ఎంత సులువుగా మారగలడు అన్న ప్రశ్న ఎత్తుకుంటే, దాన్ని మించిన పాఠం నాకు ఎక్కడా కనిపించలేదు. ఎందుకంటే ఆ మార్పును సులువు చేయడం కోసమే పుట్టిన భాష అది. వేరే పని పెట్టుకోలేదు.

దాని లోపలి పనితనం నాకు విప్పి చూపించింది హైటెక్ సిటీ మనిషి కాదు. నగరానికి అటు చివర, చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే బార్కస్ మనిషి. పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త భాషలోకి మార్చి ఇవ్వడం ఆయన వృత్తి. కొన్నేళ్లు గల్ఫ్‌లో అదే పని చేసి వచ్చారు, ఇప్పుడు ఇంటి మేడమీది గదిలో కూర్చుని అదే చేస్తున్నారు. పేరు రాయొద్దన్నారు. నన్ను అన్నా అంటారు, నేను భాయ్ అంటాను. ఇక్కడా అలాగే పిలుస్తాను.

బార్కస్ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. నిజాం సైన్యంలో కొలువు చేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఎక్కువగా ఉండే బస్తీ అది. 1948లో సంస్థానం భారత్‌లో కలిశాక కొలువులు పోయాయి, మనుషులు ఉండిపోయారు. హరీస్, మండీ, జామపండ్లు, లుంగీ కట్టులో బజారుకొచ్చే మగవాళ్లు అక్కడి ఆనవాళ్లు. పెద్దవాళ్ల నోట ఇంకా కొంత అరబ్బీ ఉంది. వీధి అంతా దక్కనీ ఉర్దూ. ఆఫీసులో, ఆటోలో, కూరగాయల బండి దగ్గర తెలుగు. ఒకే మనిషి పావుగంటలో మూడింటిలోనూ బేరమాడతాడు. అరబ్బీ, ఉర్దూ పక్కపక్కన రాసి చూపిస్తే కొత్తవాడికి రెండూ ఒకటే అనిపిస్తాయి: అవే అక్షరాలు, అదే కుడి నుంచి ఎడమకు రాత. కానీ అరబ్బీలో క్రియ తరచుగా వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది, ఉర్దూలో చివర కూర్చుంటుంది. తెలుగు లిపి చూస్తే ఉర్దూకు ఆమడ దూరం. వాక్యం కట్టుబడికి వస్తే క్రియ రెండింటిలోనూ చివరే. ఉర్దూ వచ్చిన బార్కస్ పిల్లవాడు తెలుగు వాక్యం కట్టడానికి పడే కష్టం, అరబ్బీ వాక్యం కట్టడానికి పడే కష్టంలో సగం ఉండదు. లిపి ఒక సంగతి చెబుతుంది, లోపలి ఎముక ఇంకో సంగతి చెబుతుంది.

ప్రోగ్రామింగ్ భాషల పోలికల్లో చాలామంది మోసపోయేది ఇక్కడే. జావా, జావాస్క్రిప్ట్ రెండూ 1995లో లోకానికి తెలిశాయి. పేరు కలిసింది, మీసాల బ్రాకెట్లు కలిశాయి, వాక్యం చివర సెమీకోలన్ కలిసింది. లోపల చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ చుట్టరికం లేదు. సి షార్ప్, విజువల్ బేసిక్ డాట్ నెట్ జంట దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసు. ఒకదానిలో బ్రాకెట్లు, ఇంకోదానిలో 'ఎండ్ ఇఫ్' లాంటి పూర్తి మాటలు. చూపుకు సంబంధం లేదు. కంపైల్ చేస్తే రెండూ దాదాపు ఒకే మధ్యంతర సంకేతంగా మారతాయి, ఒకే లైబ్రరీని పిలుస్తాయి. వాటి మధ్య రాకపోకలు చేసేవాడికి కీబోర్డు మీద వేళ్లు తడబడతాయి గానీ ఆలోచన తడబడదు.

జావా నుంచి సి షార్ప్‌కు మారడంలో వేళ్ల పని ఎంతో చెప్పి ముగించేస్తాను, ఎందుకంటే అందులో పెద్ద విశేషం లేదు. జావాలో 'బూలియన్' అన్నది సి షార్ప్‌లో 'బూల్'. 'ఇంపోర్ట్' పోయి 'యూజింగ్'. 'ఎక్స్‌టెండ్స్', 'ఇంప్లిమెంట్స్' రెండింటి బదులు ఒక్క కోలన్. ఇవి తప్పుగా రాస్తే కంపైలర్ అక్కడికక్కడే ఎర్రగీత పెడుతుంది. వారం తిరిగేసరికి అలవాటవుతుంది. "ఒకటి వస్తే రెండోది వారం రోజుల్లో వస్తుంది" అని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చెప్పే మాటకు ఆధారం ఇదే. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే అది ఎర్రగీత పడే తప్పుల గురించి మాత్రమే.

భాయ్ మాటల్లో చెప్పాలంటే, "తిట్టే కంపైలర్‌తో ఇబ్బంది లేదన్నా. ఊరుకునేదాంతోనే భయం."

భాషను కట్టేవాళ్లలో మంచి పనివాళ్లకు ఈ భయం ముందే తెలుసు. జావా విషయంలో నాకు బాగా నచ్చిన ఒక చిన్న ఏర్పాటు ఉంది. 'గోటు', 'కాన్‌స్ట్' అనే రెండు మాటలు జావాలో దేనికీ వాడరు. అయినా వాటిని రిజర్వు మాటలుగా పక్కన పెట్టారు. వేరియబుల్‌కు ఆ పేరు పెట్టుకోనివ్వరు. ఎందుకు? సి ప్లస్ ప్లస్ నుంచి వచ్చినవాడు పాత అలవాటులో ఆ మాట రాస్తే, కంపైలర్ అయోమయపు తప్పు చూపించకుండా అర్థమయ్యేలా చెప్పగలగాలని. ఆ కారణాన్ని జావా భాషా నిర్దేశ గ్రంథంలోనే రాసి పెట్టారు. రాబోయే అతిథి గుమ్మం దగ్గర ఎక్కడ తట్టుకుంటాడో ముందే ఆలోచించారన్నమాట. అలాంటిదే ఇంకోటి: సి భాషలో 'ఇఫ్' లోపల రెండు ఈక్వల్స్ బదులు ఒక్కటి రాస్తే అది పోలిక కాకుండా విలువ పెట్టడం అవుతుంది, కంపైలర్ ఒప్పేసుకుంటుంది. జావాలో 'ఇఫ్' లోపల అవును, కాదు తప్ప వేరే విలువ కుదరదు. కాబట్టి అంకెల దగ్గర ఆ పొరపాటు చేస్తే అక్కడే ఆగిపోతుంది.

సి షార్ప్ కట్టిన ఆండర్స్ హెల్స్‌బర్గ్ బృందం 'స్విచ్' దగ్గర చూపించిన మర్యాద ఇంకా ముచ్చటైనది. సి, జావాల్లో ఒక 'కేస్' చివర 'బ్రేక్' రాయకపోతే నడక కింది 'కేస్'లోకి జారిపోతుంది. ఇది దశాబ్దాలుగా జనాన్ని ఏడిపించిన విషయం. సి షార్ప్‌లో జారడాన్ని తీసేశారు. తీసేశాక 'బ్రేక్' అవసరమే లేదు కదా, దాన్నీ తీసేయొచ్చు. తీయలేదు. రాసి తీరాలన్నారు, రాయకపోతే తప్పు చూపిస్తామన్నారు. ఎందుకంటే 'బ్రేక్' లేని చోట జావా మనిషి ఒకటి అనుకుంటాడు, సి షార్ప్ ఇంకోటి చేస్తుంది, ఎవరికీ తెలియదు. అలా జరగకుండా ఒక వృథా మాటను ఖర్చు పెట్టుకున్నారు. 2009లో వచ్చిన గో భాష ఈ దగ్గర వేరే దారి పట్టింది: అక్కడ 'బ్రేక్' అక్కర్లేదు, ప్రత్యేకంగా అడిగితే తప్ప జారడమూ ఉండదు. కొత్తగా నేర్చేవాడికి అదే శుభ్రంగా ఉంటుంది. జావా నుంచి వచ్చేవాడి దృష్టిలో మాత్రం సి షార్ప్ చేసినదే మేలైన పని అని నా అభిప్రాయం.

ఇలా ఎర్రగీత పెట్టని తేడాలు ఎలా ఉంటాయో భాయ్ తన ల్యాప్‌టాప్‌లో చూపించారు. జావాలో 'ఇంటిజర్' రకంలో రెండు వేరియబుల్స్ పెట్టి, రెండింటికీ 127 ఇచ్చి, == తో పోల్చారు. అవి సమానమంది. 127ను 128 చేశారు. సమానం కాదంది. మిగతా ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మారలేదు. సంగతేమిటంటే 'ఇంటిజర్' అంటే అంకె కాదు, అంకెను లోపల పెట్టుకున్న డబ్బా. == అక్కడ పోల్చేది అంకెలను కాదు, రెండూ ఒకే డబ్బానా అని. -128 నుంచి 127 దాకా ఉన్న చిన్న అంకెల డబ్బాలను జావా ముందే చేసి పెట్టుకుని అందరికీ అవే ఇస్తుంది. 128 నుంచి మామూలుగా ఎవరి డబ్బా వారిది. 2004లో వచ్చిన జావా 5 అంకెలను డబ్బాల్లో తనంతట తానే సర్దడం మొదలుపెట్టాక ఈ ఉచ్చు అందరి కాళ్లకూ తగలసాగింది. పరీక్ష కోసం ఎవరైనా చిన్న అంకెలే వాడతారు. 5, 10, 100. అన్నీ పాసవుతాయి. అసలు డేటా వచ్చాక బిల్లు నంబర్ 128 దగ్గర బండి ఆగుతుంది.

అదే జాగాను సి షార్ప్‌లోకి మార్చేటప్పుడు 'ఇంటిజర్' బదులు 'ఇంట్' రాసేస్తే ఆ తప్పు దానంతట అదే మాయమవుతుంది. మరో కొత్త తప్పు పుడుతుంది. జావా డబ్బా ఖాళీగా ఉండగలదు. వయసు తెలియని మనిషికి ఖాళీ అని పెట్టొచ్చు. 'ఇంట్'లో ఖాళీకి చోటు లేదు, ఏమీ పెట్టకుండా వదిలేసిన ఫీల్డులో సున్నా వచ్చి కూర్చుంటుంది. తెలియని వయసు సున్నా వయసు అయిపోతుంది. 2005 నుంచి సి షార్ప్‌లో ప్రశ్న గుర్తు తగిలించిన 'ఇంట్' ఉంది, అది ఖాళీని ఒప్పుకుంటుంది. రాయాల్సింది అది. కానీ రాయమని గుర్తు చేసేవాళ్లు ఎవరూ లేరు.

అక్షరమాలల దగ్గర, అంటే స్ట్రింగుల దగ్గర, దిశ కూడా లెక్కలోకి వస్తుంది. జావాలో రెండు స్ట్రింగులను == తో పోలిస్తే రెండూ ఒకే వస్తువా అని చూస్తుంది. సి షార్ప్‌లో లోపలి అక్షరాలు ఒకటేనా అని చూస్తుంది. జావా నుంచి సి షార్ప్‌కు వచ్చేవాడు 'ఈక్వల్స్' అని పొడవుగా రాసే అలవాటుతో వస్తాడు, అది ఇక్కడా పనిచేస్తుంది, ప్రమాదం లేదు. సి షార్ప్ నుంచి జావాకు వెళ్లేవాడు == రాసే అలవాటుతో వెళ్తాడు. ప్రోగ్రామ్‌లోనే రాసిన మాటలను పోల్చినంతసేపూ అది పనిచేసినట్టే ఉంటుంది, ఎందుకంటే జావా ఒకే మాటకు ఒకే వస్తువు వాడుకుంటుంది. ఫైలులోంచో, కీబోర్డులోంచో వచ్చిన మాట తగలగానే తప్పుతుంది. అంటే రెండు భాషల మధ్య దూరం అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ ఒకటి కాదు. మార్పు ఎంత సులువు అని అడిగేవాళ్లు ఎటు నుంచి ఎటు అని చెప్పకపోతే జవాబు చెప్పడం కుదరదు.

ఇక బైటు. ఇది తెలుగు, ఉర్దూ పనులు చేసేవాళ్లకు నేరుగా తగిలేది కాబట్టి కాస్త ఆగుతాను. కంప్యూటర్‌లో 'అ' అక్షరాన్ని యుటిఎఫ్-8 పద్ధతిలో దాచితే మూడు బైట్లు పడుతుంది: 224, 176, 133. అలిఫ్‌కు రెండు చాలు: 216, 167. సి షార్ప్‌లో 'బైట్' అంటే 0 నుంచి 255 దాకా, కాబట్టి ఈ అంకెలు ఇలాగే కనిపిస్తాయి. జావాలో 'బైట్' -128 నుంచి 127 దాకా. అక్కడ మన 'అ' -32, -80, -123గా కనిపిస్తుంది. అలిఫ్ -40, -89 అవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలన్నీ 127 లోపే ఉంటాయి కాబట్టి రెండు భాషల్లోనూ ఒకేలా ఉంటాయి. అమెరికాలో కూర్చుని ఇంగ్లిష్ పాఠంతో పరీక్షించినవాడికి ఈ తేడా జన్మలో కనిపించదు. బార్కస్‌లో ఒక దుకాణం బిల్లు మీద తెలుగు పేరు, ఉర్దూ పేరు అచ్చు వేయబోయినవాడికి మొదటి రోజే కనిపిస్తుంది. 'బైట్' అనే అదే మాట, అదే స్పెల్లింగ్, రెండు చోట్లా కంపైలర్ సమ్మతి. అర్థం వేరు.

జె షార్ప్ కట్టిన హైదరాబాద్ బృందం ముందు పరిచిన దారి ఇలాంటి ఉచ్చులతో నిండి ఉంది. ఎందుకు ఆ దారిన నడవాల్సి వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మైక్రోసాఫ్ట్ 1996లో విజువల్ జె ప్లస్ ప్లస్ పేరుతో తనదైన జావా పరికరం తెచ్చింది. జావా సొంతదారు సన్ మైక్రోసిస్టమ్స్, ఒప్పందం తప్పి తమ భాషను మార్చేశారంటూ 1997 అక్టోబరులో కోర్టుకెక్కింది. 2001 జనవరిలో 2 కోట్ల డాలర్లు కట్టి మైక్రోసాఫ్ట్ రాజీ పడింది. ఆ సరికి మైక్రోసాఫ్ట్ కొత్త వేదిక డాట్ నెట్ తయారవుతోంది, జె ప్లస్ ప్లస్ మీద పనిచేసిన హెల్స్‌బర్గే సి షార్ప్ కడుతున్నాడు. మరి అప్పటికే జె ప్లస్ ప్లస్‌లో లక్షల వరుసల కోడ్ రాసుకున్న కంపెనీలేం కావాలి? సి షార్ప్ నేర్చుకుని మళ్లీ రాసుకోండి అనడం ఒక దారి. జావా మాటలనే డాట్ నెట్ నేల మీద నిలబెట్టడం ఇంకో దారి. రెండో దారి పని హైదరాబాద్‌కు వచ్చింది. అప్పట్లో ఈ కేంద్రానికి అధిపతి శ్రీని కొప్పోలు. అమెరికా బయట పెట్టిన ఒక కొత్త కేంద్రానికి కంపైలర్, లైబ్రరీ మొత్తం అప్పజెప్పడం చిన్న విషయం కాదు.

పనిలో మొదటి చిక్కు లైబ్రరీ. సన్ రాసిన జావా లైబ్రరీని ముట్టుకోవడానికి లేదు. జెడికె 1.1.4 స్థాయి లైబ్రరీని, బయటికి పేర్లు, ప్రవర్తన అవే ఉండేలా, స్వతంత్రంగా మొదటి నుంచి రాశారు. పైన జావా తలుపు, లోపల డాట్ నెట్ గోడలు. రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. జావాలో అన్ని వస్తువులకూ మూలపురుషుడు 'ఆబ్జెక్ట్'. డాట్ నెట్‌లోనూ అంతే, పేరూ 'ఆబ్జెక్టే', కానీ అది వేరే 'ఆబ్జెక్ట్'. ఇద్దరు మూలపురుషులున్న వంశం నడవదు. జె షార్ప్‌లో ఈ రెండింటినీ ఒకటి చేసేశారు, స్ట్రింగులనూ అలాగే. జావా మనిషి చిన్న 'టి'తో 'టుస్ట్రింగ్' రాసుకుంటే, సి షార్ప్ మనిషి పెద్ద 'టి'తో పిలిచినప్పుడు పలికేది అదే. ఒకే గదికి రెండు తలుపులు కోసి, రెండు తలుపుల మీదా ఎవరి ఊరి పేరు వాళ్లకు రాసి పెట్టినట్టుంది.

బైటు దగ్గర వాళ్లు ఏం చేశారో చూస్తే వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. డాట్ నెట్‌తో కలవాలంటే బైటు 0 నుంచి 255 దాకా ఉండాలి. జావా కోడ్ బతకాలంటే -128 నుంచి 127 దాకా ఉండాలి. 'బైట్' అర్థాన్ని డాట్ నెట్ వైపు మార్చేస్తే కొత్త కోడ్ రాయడం హాయిగా ఉండేది. పాత కోడ్ మాత్రం కంపైల్ అయిపోయి, చడీచప్పుడు లేకుండా తప్పు లెక్కలు వేసేది. వాళ్లు 'బైట్'ను జావా అర్థంలోనే ఉంచి, డాట్ నెట్ బైటు కోసం 'యూబైట్' అనే కొత్త మాట చేర్చారు. డాట్ నెట్ లైబ్రరీతో ఫైలు చదివితే చేతికి వచ్చేది 'యూబైట్' వరస. అలవాటు కొద్దీ దాన్ని 'బైట్' వరసలో పెట్టబోతే కంపైలర్ ఒప్పుకోదు. తేడా ఉన్న చోట తేడా నోరు తెరిచింది.

ఇంకోటి చూడండి. డాట్ నెట్‌లో ప్రాపర్టీ అనే సదుపాయం ఉంది. బయటి నుంచి చూస్తే వేరియబుల్‌లా ఉంటుంది, లోపల ఫంక్షన్ నడుస్తుంది. జావా వ్యాకరణంలో దానికి చోటే లేదు. జె షార్ప్‌లో ఫంక్షన్‌కు 'గెట్_సైజ్' అని పేరు పెట్టి, దాని పైన /** @ప్రాపర్టీ */ అని ఒక కామెంట్ రాస్తే చాలు, సి షార్ప్ మనిషికి అది 'సైజ్' అనే ప్రాపర్టీగా కనబడుతుంది. మామూలు జావా కంపైలర్‌కు అది వట్టి కామెంట్, పట్టించుకోదు. జావా వ్యాకరణం మీద ఒక్క గీత పడకుండా కొత్త సదుపాయం లోపలికొచ్చింది. ఇది వాళ్ల సొంత కనిపెట్టుడేం కాదు, జె ప్లస్ ప్లస్‌లోనే కామెంట్లలో ఆదేశాలు దాచే పద్ధతి ఉంది. దాన్ని ప్రాపర్టీలకు, ఆట్రిబ్యూట్లకు, డెలిగేట్లకు పరిచిన తీరు చక్కగా ఉంది.

చక్కగా ఉంది అన్నాను గానీ, భాయ్ ఇక్కడ తల అడ్డంగా ఊపారు. కామెంట్ అంటే తీసేసినా ఏమీ కాదని ప్రతి ప్రోగ్రామర్ నమ్ముతాడు. ఫైలు శుభ్రం చేద్దామని కుర్రాడెవడో కామెంట్లన్నీ తుడిచేస్తే? ఆ ఫైలు కంపైల్ అవుతూనే ఉంటుంది, ప్రాపర్టీ మాత్రం మాయం. తేడా నోరు తెరవాలన్న నియమాన్ని బైటు దగ్గర అంత శ్రద్ధగా పాటించినవాళ్లు ఇక్కడ తప్పారు. ఆయన మాట నిజమే. జావా వ్యాకరణాన్ని తాకకూడదన్న పట్టుదలకు కట్టిన సుంకం అది. 2004లో జావాయే @ గుర్తుతో అనొటేషన్లను భాషలోకి తెచ్చుకుంది. అంతకుముందు జావావాళ్లూ ఎక్స్‌డాక్‌లెట్ లాంటి పరికరాలతో కామెంట్లలోనే ఇలాంటి సంగతులు దాచుకునేవాళ్లు. ఆ కాలానికి అది ఒక్కరి తప్పు కాదు.

సోర్సు పోగొట్టుకున్నవాళ్లకూ జె షార్ప్‌తో ఒక పరికరం ఇచ్చారు: జావా బైట్‌కోడ్‌ను నేరుగా డాట్ నెట్ సంకేతంగా మార్చేది. భాష మార్చేసుకుని సి షార్ప్‌కే వెళ్లిపోతామనేవాళ్లకు జావా లాంగ్వేజ్ కన్వర్షన్ అసిస్టెంట్ ఉండేది. అది కోస్టారికాకు చెందిన ఆర్టిన్‌సాఫ్ట్‌తో కలిసి చేసిన పని. దాని నిజాయితీ నాకు నచ్చుతుంది. మార్చలేని చోట మార్చినట్టు నటించదు. 'అప్‌గ్రేడ్ టూడూ' అని ఒక గుర్తు వదిలి వెళ్తుంది, మనిషి వచ్చి చూసుకోవాలని. జావా వెతుకులాట లైబ్రరీ లూసీన్‌ను డాట్ నెట్‌లోకి తెచ్చినప్పుడు ఈ పరికరమే వాడారు. లూసీన్ డాట్ నెట్ పాత కోడ్‌లో ఆ గుర్తులు కనిపించేవి. స్ట్రింగులను పోల్చే చోట రెండు పక్కలా 'ఆబ్జెక్ట్' అని తొడుగు వేసి == పెట్టిన వరుసలూ కనిపించేవి. కొత్తవాడికి అది వికారంగా, అనవసరంగా అనిపిస్తుంది. ఆ తొడుగు లేకపోతే సి షార్ప్ అక్షరాలను పోలుస్తుంది. ఉంటే జావాలాగా వస్తువులను పోలుస్తుంది. అందం పోయినా అర్థం పోకూడదని ఒక యంత్రానికి నేర్పించారు.

భాయ్ పని చేసే పద్ధతీ ఇంతే. పాత ప్రోగ్రామ్‌ను ముందు ఉన్నదున్నట్టు నడిపించి, అది ఇచ్చిన ఫలితాలన్నీ ఫైళ్లలో దాచుకుంటారు. తర్వాత కోడ్ చదవరు, వెతుకుతారు. మొదట == ఉన్న చోట్లు. తర్వాత 'బైట్'. తర్వాత భాగహారాలు. ఆ మూడోది ఈ మధ్య పైథాన్ పనులు ఎక్కువయ్యాక చేరింది. జావాలో 7ను 2తో భాగిస్తే 3 వస్తుంది, పైథాన్ 3లో 3.5 వస్తుంది. మైనస్ 7ను 3తో భాగించి శేషం అడిగితే జావా -1 అంటుంది, పైథాన్ 2 అంటుంది. వారాలు, షిఫ్టులు లెక్కకట్టే ప్రోగ్రాముల్లో ఇదొక్కటి చాలు, జీతాలు తారుమారు కావడానికి. ఆ పైన, పాత కోడ్ ఎంత అసహ్యంగా ఉన్నా కొత్త భాషలో ఫలితం అక్షరం తేడా లేకుండా కలిసేదాకా ఒక్క వరుస కూడా 'బాగు' చేయరు. పాతదానిలో తప్పు కనిపిస్తే ఆ తప్పును కూడా మోసుకొస్తారు. యజమానికి చూపించి, ఆయన సరే అన్నాకే తీస్తారు. మార్చడం, బాగుచేయడం రెండూ ఒకేసారి చేసేవాణ్ని ఆయన పనివాడిగా లెక్కేయరు.

ఈ అనుభవానికి పరిశోధకుల లెక్క కూడా తోడుంది. 2020లో నిశ్చల్ శ్రేష్ఠ, కోల్టన్ బోటా, టైటస్ బరిక్, క్రిస్ పార్నిన్ అనే నలుగురు ఒక అధ్యయనం వెలువరించారు. 18 భాషల్లో ప్రోగ్రామర్లు అడిగిన 450 ప్రశ్నలను పరిశీలిస్తే, పాత భాష తెలివి కొత్త భాషలో అడ్డుపడిన సందర్భాలు 276 తేలాయి. వృత్తిలో ఉన్న 16 మందితో మాట్లాడి కూడా చూశారు. అనుభవం ఉన్నవాడికే ఈ ఇబ్బంది. ఏమీ రానివాడికి అడ్డుపడే పాత తెలివి ఏముంటుంది!

జె షార్ప్‌కు తిరిగొస్తే, విజువల్ స్టూడియో 2005తో దాని ప్రయాణం ఆగింది, 2008 సంచికలో లేదు. జావా ముందుకెళ్లిపోయింది, జెడికె 1.1.4 దగ్గర నిలిచిన భాషలోకి కొత్తవాళ్లు ఎందుకు వస్తారు? పాతవాళ్లు వంతెన దాటేశారు. కొందరు దాన్ని మైక్రోసాఫ్ట్ విఫల ప్రయోగాల జాబితాలో వేస్తారు. నేను వేయను. జనం దాటడానికి వేసిన వంతెన మీద ఊరు వెలవలేదని నిందించడం అన్యాయం. ఆ తర్వాత వచ్చిన కాట్లిన్‌ను చూడండి. 2016లో తొలి పూర్తి సంచిక, 2017లో ఆండ్రాయిడ్‌కు గూగుల్ ఆమోదం. జావా ఫైలును కాట్లిన్‌లోకి మార్చే మీట ఆండ్రాయిడ్ స్టూడియోలోనే ఉంది. == కు లోపలి విలువల పోలిక అని అర్థం మార్చి, పాత జావా అర్థానికి మూడు ఈక్వల్స్ గుర్తు విడిగా ఇచ్చింది. మీట నొక్కినప్పుడు జావాలోని రెండు ఈక్వల్స్ వస్తువులను పోల్చేచోట మూడవుతాయి. హైదరాబాద్ బృందం 'యూబైట్' దగ్గర పడ్డ శ్రద్ధకు ఇది చుట్టమే.

కోచింగ్ సెంటర్లు నడిపేవాళ్లకు, అమీర్‌పేటలోనైనా బార్కస్ మేడల మీదైనా, ఒక్క మనవి. జావా వచ్చినవాడికి సి షార్ప్ చెప్పేటప్పుడు, సి షార్ప్ వచ్చినవాడికి జావా చెప్పేటప్పుడు, 'బూలియన్' బదులు 'బూల్' రాయాలని చెప్పడానికి మొదటి రోజును ఖర్చు చేయకండి. అది కంపైలరే నేర్పుతుంది. 127, 128 పోలిక, ఫైలులోంచి చదివిన స్ట్రింగు పోలిక, 'అ' అక్షరం బైట్లు: ఈ మూడింటినీ రెండు భాషల్లోనూ విద్యార్థి చేతే రాయించి, పక్కపక్కన నడిపించి చూపించండి. సిలబస్‌లో మిగతాదంతా రెండో రోజు నుంచి మొదలుపెట్టుకోవచ్చు.